మనకేమన్నా కోట్లున్నాయా, విల్లు రాయడానికి?

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ, అక్క, తమ్ముడు, నేను ఆయన ట్రంకుపెట్టె చుట్టూ కూర్చున్నాం. పంచెల అడుగున బంగారం షాపు వాళ్ళిచ్చే ఎర్ర జిప్పు సంచి ఒకటి, అందులో తొమ్మిది ప్రామిసరీ నోట్లు, ఒక పాకెట్ డైరీ. నాన్న హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. బోర్డు మీద ఆయన రాసింది చెరపడానికి మనసొప్పేది కాదని పాత స్టూడెంట్లు ఇప్పటికీ చెప్తారు, కానీ ఆ డైరీ మాత్రం ఎవరికీ అర్థం కాకూడదని పంతం పట్టి రాసుకున్నట్టుంది. ఒక లైను ఇలా ఉంది: "వె. (కొ.) 60 – 2 – చె. 5". అరవై అంటే అరవై వేలు, రెండంటే నూటికి రెండు రూపాయల వడ్డీ, చె. అంటే చెల్లు, అంటే ఐదు వేలు జమ వేశాడని. అంతవరకు అమ్మ విప్పింది. వె. ఎవరో, కొ. ఏమిటో ఇవాళ్టికీ తెలీదు. కొత్తపేటా, కొరిటెపాడా, కొల్లిపరా, లేక ఎవరిదైనా కొడుకా? పైగా ఆ తొమ్మిది నోట్లలో ఈ వె. గారి నోటు లేనే లేదు.

ఉన్నవాటిలో రెండిటికి అప్పటికే కాలదోషం పట్టింది. గుంటూరులో నోట్ల మీద డబ్బు తిప్పని ఇల్లు తక్కువ కాబట్టి విడమర్చి చెప్పక్కర్లేదు, మూడేళ్ళలోపు చెల్లు వేయించాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి, లేకపోతే అది చిత్తు కాగితం. మూడో నోటు గడువు మేం కర్మకాండలూ పలకరింపులూ అంటూ తిరుగుతున్న ఆ నెలలోనే దాటిపోయింది. మిగిలిన ఆరుగురిలో నలుగురు మర్యాదగా తెచ్చి ఇచ్చారు. ఇద్దరు "మాస్టారికి ఎప్పుడో ఇచ్చేశామమ్మా, నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోయాం" అన్నారు. ఇచ్చే ఉండొచ్చు కూడా, మాకేం తెలుసు? కోర్టుకి వెళ్ళాలంటే చనిపోయినాయనకి రావాల్సిన బాకీ కాబట్టి ముందు సక్సెషన్ సర్టిఫికెట్, అంటే ఆ బాకీ వసూలు చేసుకునే హక్కు వారసులుగా మాకుందని కోర్టు ఇచ్చే కాగితం, తెచ్చుకోవాలి, దానికో లాయరు, పేపర్లో ప్రకటన, నెలల తరబడి వాయిదాలు. వదిలేశాం.

ఎక్కడేముందో ఓ కాగితం మీద రాసిపెట్టమని నాన్నని నేను రెండుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి, "మనకేమన్నా కోట్లున్నాయా అమ్మా, విల్లులూ గిల్లులూ రాయడానికి?" అన్నాడు. లోపల్నుంచి అమ్మ "సంధ్యవేళ ఆ మాటలేంటి" అని కసిరింది. అంతటితో సరి.

ఆరోజు నోటికి రాని జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కోట్లు లేవు కాబట్టే రాయాలి నాన్నా. కోట్లున్నవాళ్ళకి ఆడిటర్లుంటారు, లాయర్లుంటారు, నాలుగేళ్ళు కోర్టులో నలిగినా తరగనంత ఉంటుంది. లక్షా ఎనభై నాలుగు వేలున్న నీ బ్యాంకు ఖాతా కోసం నాలుగు ఆఫీసులు తిరిగితే ఏం మిగులుతుంది?

అసలు ఈ విల్లులూ ప్లానింగులూ పెద్దోళ్ళ వ్యవహారం అన్న అభిప్రాయం మనకి పన్ను వల్ల వచ్చిందని నా అనుమానం. ఒకప్పుడు మన దేశంలోనూ చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను ఉండేది, 1953 నాటి ఎస్టేట్ డ్యూటీ చట్టం, పై శ్లాబులో 85 శాతం దాకా లాగేది. వి.పి. సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా 1985లో ఎత్తేశారు. 2024 ఎన్నికలప్పుడు వారసత్వ పన్ను మాట మళ్ళీ లేచి, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వారం రోజులు ఒకటే టెన్షన్, మీ ఇల్లు మీ పిల్లలకి రాదంట అని. ఈరోజుకి ఆ పన్ను లేదు. తండ్రి నుంచి పిల్లలకి వచ్చినదాని మీద ఇన్‌కమ్ ట్యాక్సూ లేదు.

డల్లాస్‌లో ఉండే మా తమ్ముడిదీ ఇదే ధోరణి. "అక్కా, ఇక్కడ ఎస్టేట్ ట్యాక్స్ 40 శాతం దాకా ఉంది కానీ మనిషికి 15 మిలియన్ డాలర్లు దాటితేనే, 2026 నుంచి లిమిట్ అది, మనకెందుకు ఆ గోల" అన్నాడు ఫోన్లో. నిజమే, వాడికి ఆ పన్ను రాదు. "మరి మీ ఇద్దరికీ ఒకేసారి ఏదన్నా అయితే పిల్లల్ని ఎవరు చూడాలో రాశారా?" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మరదలి గొంతు వినపడింది, "వదినా, అదే నేనూ అడుగుతున్నా" అని. పన్ను లేకపోతే పనే లేదనుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. (మధ్యలో ఒక మాట. ఇండియాలో ఉంటూ అమెరికా షేర్లు కొనేవాళ్ళు, కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు పోగేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. అక్కడి పౌరులు, నివాసులు కానివాళ్ళకి ఆ మినహాయింపు 15 మిలియన్లు కాదు, 60 వేల డాలర్లే. వాళ్ళు మాత్రం ఆడిటర్ని అడగాలి.)

సరే, ఆ లక్షా ఎనభై నాలుగు వేల సంగతి చెప్తాను. నాన్న పోయింది 2019లో. ఖాతా తెరిచింది 1987లో, అందులో నామినీ మా నాయనమ్మ. ఆవిడ పోయి అప్పటికే ఇరవై ఏళ్ళు. కౌంటర్లో ఉన్న కుర్రాడు పాపం మంచివాడే, పాత లెడ్జర్ తిరగేసి "నామినీని తీసుకురండమ్మా" అన్నాడు. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తుందేమోనని కంగారుపడ్డాను, చూస్తే నవ్వాపుకుంటోంది. తర్వాత నవ్వు రాలేదు. డెత్ సర్టిఫికెట్, తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసులందరి నో అబ్జెక్షన్, నోటరీ అఫిడవిట్, ఇద్దరు జామీనుదార్లు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అక్క పేరు పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరుతో, ఆధార్‌లో పుట్టింటి పేరుతో, దానికి మళ్ళీ ఇంకో అఫిడవిట్. సంతకం కోసం తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టి హ్యూస్టన్‌లో కాన్సులేట్ దాకా నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళాడు. ఏడు నెలలు పట్టింది. నామినీ పేరు మార్చడానికి ఒక ఫారం, ఒక సంతకం సరిపోయేది.

ఇప్పుడు రూల్స్ కొంచెం నయం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. నామినీ లేకపోయినా 15 లక్షల దాకా కోర్టు కాగితాలు అడక్కుండా సెటిల్ చేయమని రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకి చెప్పింది. అయితే చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే, సొంతదారు కాదు. సుప్రీంకోర్టు ఈ సంగతి 1984లో ఒక ఇన్సూరెన్స్ కేసులో చెప్పింది, 2023లో షేర్ల కేసులో మళ్ళీ చెప్పింది. (ఇన్సూరెన్స్‌లో 2015 సవరణ తర్వాత పద్ధతి మారింది, నామినీ భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఒకరైతే ఆ డబ్బు వాళ్ళదే.) కాబట్టి "పెద్దాడి పేరు నామినీగా పెట్టాను, వాడికే" అనుకుంటే పప్పులో కాలేసినట్టే, మిగతావాళ్ళు వాటా అడగొచ్చు. అన్నట్టు, ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మని పీఎఫ్ నామినీగా పెట్టి పెళ్ళయ్యాక మార్చని కుర్రాళ్ళు మన ఇళ్ళలో బోలెడుమంది ఉన్నారు. పెళ్ళితో ఆ పాత నామినేషన్ చెల్లకుండా పోతుంది, వెళ్ళి కొత్తది పెట్టుకోండి.

"విల్లు లేకపోతే ఏమవుతుంది, ఎటూ భార్యాపిల్లలకేగా వచ్చేది" అంటారు. విజయవాడ పటమటలో మా మేనమామ కూతురు ఉంటుంది. భర్త ముప్పై ఎనిమిదేళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఇద్దరు పిల్లలు, రెండు బెడ్రూముల ఫ్లాట్, అతని పేరు మీద. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం విల్లు లేకుండా మగవాడు పోతే మొదటి వరసలో భార్య, పిల్లలతో పాటు తల్లి కూడా సమాన వారసురాలు. అంటే ఫ్లాట్‌లో నాలుగో వంతు అత్తగారిది. ఆవిడ మంచిదే, ఎప్పుడూ పేచీ పెట్టలేదు, మూడేళ్ళ తర్వాత ఆవిడా విల్లు రాయకుండా పోయింది. ఇక ఆ నాలుగో వంతు ఆవిడ పిల్లలకి పోతుంది. బతికున్న ఇద్దరు కొడుకులకి చెరో భాగం, పోయిన కొడుకు తరఫున అతని పిల్లలకి ఒక భాగం. లెక్క వేయండి, బావగారికీ మరిదికీ ఆ ఫ్లాట్‌లో చెరో పన్నెండో వంతు వచ్చింది. పెద్దపిల్ల ఇంజినీరింగ్ ఫీజుకి ఫ్లాట్ అమ్ముదామంటే వాళ్ళిద్దరి సంతకం కావాలి, రెండోవాడు మైనరు కాబట్టి వాడి వాటాకి కోర్టు అనుమతి కావాలి. మరిది వెంటనే పెట్టేశాడు. బావగారు "ఆలోచిద్దాంలే" అన్నారు. ఆ ఆలోచన ఏడాదిన్నర సాగింది. ఆయన దుర్మార్గుడేం కాదు, అడిగితే "నాకేం వద్దు" అనే అంటాడు, సంతకం మాత్రం పెట్టడు. పోయినాయన ఒక తెల్లకాగితం మీద "నా ఫ్లాట్ నా భార్యకి" అని రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి ఉంటే ఇదంతా ఉండేదా?

ఆడవాళ్ళ విషయంలో చట్టం ఇంకా విచిత్రం. మా పక్క వీధిలో రిటైర్డ్ స్టాఫ్ నర్సు ఒకావిడ ఉంది, ఆంటీ అంటాం. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు, ఇల్లు ఆవిడ జీతంతో కట్టుకున్నది. ఆవిడని చూసుకునేది తమ్ముడి కూతురు. అయితే పిల్లల్లేని వితంతువు విల్లు లేకుండా పోతే ఆవిడ సొంత సంపాదన ముందు భర్త తరఫు వారసులకి పోతుంది, పుట్టింటివాళ్ళు ఆ తర్వాతే. భర్త అన్న కొడుకుతో ఆవిడకి పాతికేళ్ళుగా మాటల్లేవు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆంటీ నమ్మలేదు. నమ్మాక మాత్రం వారం ఆగలేదు.

ఒక ఆదివారం వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద ఫుల్‌స్కేప్ కాగితాలు పరిచింది. తెలుగులో, సొంత దస్తూరీతో, రెండు పేజీలు. ఇంటి హద్దులు దస్తావేజు చూసి ఎక్కించింది. ఒకచోట "తూర్పు" బదులు "పడమర" రాసి కొట్టేసింది, అక్కడ పక్కన మళ్ళీ సంతకం. ప్రతి పేజీ కింద సంతకం, చివర్న తేదీ. మా కింద వాటాలో ఉండే రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గారూ నేనూ సాక్షులం, ఆవిడ పెడుతుండగా చూసి పెట్టాం. ఆరోగ్యంగా, తెలివిగా ఉందని వాళ్ళ డాక్టరు దగ్గర ముందురోజే చీటీ తెచ్చి పిన్ను కొట్టింది. అంతే, స్టాంపు పేపరక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అయినా మర్నాడు రిజిస్ట్రేషన్ చేయించింది, రేపెవరైనా దొంగ విల్లు అంటారని. అయిపోయాక కాగితాలు ఫ్యానుగాలికి ఎగరకుండా పెట్టిన మాగాయ జాడీ తీసి, "మీ ఇద్దరికీ ఏమీ రాయలేదు, ఏమనుకోకండి, సాక్షులకి రాయకపోవడమే మంచిదన్నారు" అని చెరో సీసా పెట్టి ఇచ్చింది.

విల్లు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది, ముందుది రిజిస్టరైనా సరే. ఇంట్లో పెడితే చింపేస్తారని భయముంటే సీల్డ్ కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. ఒక హద్దు మాత్రం ఉంది. స్వార్జితమైతే మీ ఇష్టం, పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు. ఆ పిత్రార్జితంలో ఆడపిల్లకీ సమాన వాటా ఉంది, మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి, 2005 కేంద్ర సవరణతో పెళ్ళయినవాళ్ళకి కూడా. "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాంగా" అన్న వాదనకి కాగితం బలం లేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు, తమ్ముడు మంచివాడు. అనుకున్నారేమో తెలీదు.

మనవాళ్ళు విల్లుకి భయపడి చేసే పని ఇంకోటుంది, అదే నాకు అస్సలు నచ్చదు. బతికుండగానే పిల్లల పేరు మీద రాసిచ్చేయడం. "రేపు గొడవలెందుకు, సెటిల్మెంట్ చేసేస్తే పోలా" అని. పన్ను ఉన్న దేశాల్లో ముందే ఇచ్చేయడానికి ఒక లెక్క ఉండొచ్చు, ఇక్కడ ఆ పన్నే లేదు కదా! పైగా సెటిల్మెంటుకి స్టాంపు డ్యూటీ కట్టాలి, విల్లుకి పైసా లేదు. ఇల్లు రాసిచ్చాక పై వాటాలో ఉన్న అమ్మానాన్నలు వంటగది బల్బు మార్చడానికి కూడా కోడల్ని అడిగే పరిస్థితి నేను చూశాను. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకోకపోతే దస్తావేజు రద్దు చేయమని ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. కానీ డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో సొంత కొడుకు మీద ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకునే తండ్రి ఎంత నలిగిపోయి ఉండాలి! ఇవ్వాలనే ఉంటే, చూసుకోవాలన్న షరతు, బతికున్నంతకాలం అనుభవించే హక్కు అక్షరాలా దస్తావేజులో రాయించండి. నన్నడిగితే ఇవ్వకండి. విల్లు రాసి బీరువాలో పెట్టుకోండి, కోడలు కాఫీ ఇవ్వడం మానేస్తే మార్చి రాసుకోవచ్చు.

పోయాక సంగతి ఒకటైతే, పోకముందు పడిపోతే ఏంటన్నది ఇంకో తలనొప్పి. మా బాబాయి మిర్చి రైతు. 2025 మొదట్లో, ధర పడిపోయి కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామన్న ఆ రోజుల్లో, అమ్మడం ఇష్టం లేక సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. డెబ్భై టిక్కీలు (మిర్చి బస్తాలు), స్టోరేజీ వాళ్ళిచ్చే బాండు ఆయన పేరు మీద. వేసవిలో పక్షవాతం వచ్చి మాట, స్పృహ రెండూ పోయాయి. హాస్పిటల్‌కి డబ్బు కావాలి, సరుకు ఎదురుగా ఉంది, అమ్మడానికి సంతకం లేదు. "జీపీఏ ఉందిగా" అన్నాడు మా తమ్ముడి వరస అబ్బాయి. జీపీఏ అంటే మన తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం. ఉంది, కానీ ఇచ్చిన మనిషికి మతి పోతే ఆ అధికారం కూడా పోతుంది, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. సరిగ్గా అక్కరపడ్డప్పుడే అక్కరకి రాని కాగితం అది. పిన్ని పేరు కలిపి జాయింటుగా పెట్టుకున్న ఒకే ఒక్క బ్యాంకు ఖాతా ఆ నెల ఇల్లు గడిపింది. వెంటిలేటర్ వద్దనుకుంటే ముందే రాసుకునే లివింగ్ విల్లు గురించి కూడా సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో పద్ధతి తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ఉంటే చాలు. మా ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం నాకింకా రాలేదు.

వారసులు నిజంగా కట్టాల్సి వచ్చే పన్ను ఒకటుంది, అమ్మినప్పుడు. ఇల్లు అమ్మితే లాభం నాన్న కొన్న ధర నుంచి లెక్కేస్తారు, 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువ తీసుకోవచ్చు. మున్సిపాలిటీకి తగినంత దూరంలో ఉన్న ఊరి పొలానికి అదీ లేదు. అందుకే పాత దస్తావేజులు చెదలు పట్టకుండా చూసుకోవాలి. మా నాన్న దస్తావేజు మాకు దేవుడి గూట్లో, పంచాంగాల మధ్య దొరికింది.

విల్లుకంటే ముందు చేయాల్సింది చిట్టా అని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తుంది. విల్లు ఎవరికో చెప్తుంది, చిట్టా ఎక్కడుందో చెప్తుంది. ఎక్కడుందో తెలియకపోతే ఎవరికైతే ఏం? పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లు బ్యాంకుల నుంచి రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్ళిపోతాయి. అవి వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టారు. నాన్న పేరు కొట్టి చూశాను, ఏమీ రాలేదు. వె. (కొ.) లాంటివాళ్ళ కోసం పోర్టల్ ఎవరూ పెట్టరు.

మా ఆయనా నేనూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాం. ఖాతాలు, చీటీలు, ఎల్ఐసీ పాలసీలు, లాకరు తాళం ఎక్కడుంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి రావాలి. పొడి అక్షరాలు నిషేధం. ఏటా ఉగాది మర్నాడు తిరగేస్తాం. పిల్లలిద్దరికీ అది ఏ అరలో ఉందో తెలుసు.

అమ్మకి డెబ్భై తొమ్మిది. సంధ్యవేళ ఈ మాటలెత్తితే ఇప్పటికీ ఊరుకోదు కాబట్టి పోయిన నెల ఒక పొద్దున, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుండగా అడిగాను, నీది కూడా రాద్దామా అని. ఏమంటుందోనని చూస్తున్నాను. చిక్కుడుకాయ చేతిలోనే ఉంచుకుని కాసేపు ఆలోచించి, "రాయి" అంది. గాజుల సంగతి చెప్తుందనుకుని పెన్ను తీశాను.

"ఎదురింటావిడ స్టీలు గుండిగ మన అటక మీద ఉంది. మీ నాన్న దినాలప్పుడు తెచ్చాం. అది వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ముందు అది రాయి."